కిలో కారం ఎంతకి పడింది? ఒకే మిల్లుకి మూడు జవాబులు, ఏది ఎప్పుడు పట్టుకోవాలి

మా బావగారికి గుంటూరు దగ్గర చిన్న కారం మిల్లు ఉంది, లెక్కలు నేను చూస్తాను. ఆయన ఫోన్ చేస్తే అడిగేది ఒకటే, "ఏరా, కిలో ఎంత పడుద్ది మనకి?" అని. మొదట్లో టక్కున ఒక అంకె చెప్పేసేవాడిని. ఇప్పుడు ఎదురు అడుగుతున్నా, "ఎందుకు బావా, పార్టీకి రేటు చెప్పడానికా, ఏడాది చివర స్టాక్ విలువకా, లేకపోతే పాకెట్లు ఆపేద్దామని చూస్తున్నావా?" అని. ఆయనకి ఒళ్ళు మండుద్ది, అంకె అడిగితే ప్రశ్నలు వేస్తావేంట్రా అంటాడు. కానీ ఏం చేస్తాం, ఆ మూడిటికీ మూడు వేరు వేరు అంకెలు వస్తాయి, మూడూ కరెక్టే.

కాస్టింగ్, అంటే సరుకు ఎంతకి పడిందో లెక్కకట్టడం, దాని గురించి వెతికితే అబ్జార్ప్షన్, మార్జినల్, ఏబీసీ, స్టాండర్డ్ అని పేర్లు బోలెడు దొరుకుతాయి, పరీక్ష రాసేవాళ్ళకి పనికొచ్చేలా లాభాలు నష్టాలు అని టేబుల్ కూడా వేసి ఉంటది. చిన్న యూనిట్ పెట్టుకున్నోడికి కావాల్సింది అది కాదు, రేపు పొద్దున ఏది వాడాలి అన్నది. అందుకే ఒకే మిల్లు తీసుకుని అన్నీ దాని మీదే వేసి చూపిస్తాను. అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రంగా సర్దాను, మిర్చి రేటు మీ రోజుకి ఎంతుంటే అంత వేసుకోండి.

నెలకి 20,000 కిలోల కారం ఆడతాం అనుకోండి. అందులో 16,000 కిలోలు 25 కిలోల బస్తాల్లో హోటళ్ళకి, హోల్‌సేల్ వాళ్ళకి పోద్ది. మిగతా 4,000 కిలోలు 100 గ్రాముల పాకెట్లు, అంటే 40,000 పాకెట్లు, కిరాణా కొట్లకి. మిర్చి క్వింటా హమాలీ, లారీ కిరాయి అన్నీ కలిపి మిల్లు గుమ్మంలోకి వచ్చేసరికి 16,200. తొడిమలు, దుమ్ము, తేమ పోగా క్వింటాకి 90 కిలోల పొడి వస్తది, అంటే కిలో పొడికి మిర్చి ఖర్చే 180. ఆడించే కరెంటు, రోజు కూలీ 8. బస్తా అయితే సంచికి కిలోకి 2 రూపాయలు, పాకెట్ అయితే కవరు, అట్టపెట్టె కలిపి పాకెట్‌కి రూపాయి అంటే కిలోకి 10. కాబట్టి బస్తా కారం వేరియబుల్ ఖర్చు 190, పాకెట్ కారం 198. ఇది సరుకు ఆడితేనే అయ్యే ఖర్చు, ఆడకపోతే ఉండదు.

ఇక ఆడినా ఆడకపోయినా అయ్యే ఫిక్స్‌డ్ ఖర్చులు: షెడ్డు అద్దె 60,000, గ్రైండింగ్ సెక్షన్ డిప్రిసియేషన్ (మెషిన్ అరిగే ఖర్చు), మెయింటెనెన్స్, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు, మేస్త్రీ జీతం కలిపి 1,20,000, పాకెట్ మెషిన్ సెక్షన్ మొత్తం 1,40,000, ఆర్డర్లు బిల్లులు డిస్పాచ్ చూసే టేబుల్ ఖర్చు 80,000. మొత్తం 4 లక్షలు. బ్యాంకు వడ్డీ కావాలనే కలపలేదు, అది డబ్బు తెచ్చుకున్నందుకు ఖర్చు, కారం తయారుచేసినందుకు కాదు. అమ్మే రేటు బస్తా కిలో 216, పాకెట్లు కొట్టువాడికి పడేది కిలో లెక్కన 250.

ఇక్కడిదాకా గొడవ లేదు. గొడవంతా ఆ 4 లక్షలు ఎవరి నెత్తిన వేయాలి అన్న దగ్గరే మొదలవుద్ది.

అందరూ చేసేది, నేనూ చేసింది, 4 లక్షల్ని 20,000 కిలోలతో భాగించడం, ఇలా ఫిక్స్‌డ్ ఖర్చుల్ని కూడా సరుకు మీద వేయడాన్నే అబ్జార్ప్షన్ అంటారు. కిలోకి 20. బస్తా 210 పడింది, 216కి అమ్మాం, 6 మిగిలింది. పాకెట్ 218 పడింది, 250కి అమ్మాం, 32 మిగిలింది. చూశారా, పాకెట్లలోనే బంగారం ఉంది, బస్తాలు ఊరికే గొడ్డు చాకిరీ! బావగారు రెండో పాకెట్ మెషిన్‌కి కొటేషన్ కూడా తెప్పించాడు.

నాకు అనుమానం వచ్చింది లెక్కల్లో కాదు, మిల్లులో ఒక రోజు కూర్చుంటే వచ్చింది. గ్రైండింగ్ వైపు ఇద్దరు మనుషులు టన్నులు దించేస్తున్నారు, పాకెట్ల వైపు నిలబడటానికి చోటు లేదు, కవరు రోల్ అయిపోతే మెషిన్ ఆగుద్ది, సీలు సరిగా పడక పాకెట్లు చింపి మళ్ళీ పోస్తున్నారు, బిల్లుల కుర్రాడు ఒక్కో కొట్టువాడికి 20 పాకెట్లు, 30 పాకెట్లకి బిల్లు కొడుతూ తల ఎత్తట్లేదు. షెడ్డులో సగం స్థలం పాకెట్లు, అట్టపెట్టెలే. ఇంత హడావుడి చేసే సరుకు, గమ్మున బస్తాల్లో పోయే సరుకు, రెండూ కిలోకి అదే 20 రూపాయలు మోస్తున్నాయంటే ఎక్కడో తేడా కొడుతోంది కదా.

దీనికే యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్ అని పేరు, ఏబీసీ అంటారు, 1980ల చివర్లో అమెరికాలో రాబర్ట్ కాప్లాన్, రాబిన్ కూపర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు బాగా ప్రచారంలోకి తెచ్చారు. పేరు పెద్దది గానీ విషయం చిన్నదే, ఖర్చుని కిలోల మీద కాకుండా ఏ పని వల్ల పుట్టిందో ఆ పని మీద పంచడం. అద్దె సగం సగం చేశాం. గ్రైండింగ్ 1,20,000కి 30,000 కలిపితే 1,50,000, ఇది కిలోలతోనే పంచాం ఎందుకంటే మర అన్ని కిలోలకీ ఒకేలా తిరుగుద్ది, కిలోకి 7.50. పాకెట్ సెక్షన్ 1,40,000కి 30,000 కలిపి 1,70,000, ఇందులో బస్తాకి పైసా సంబంధం లేదు, అంతా పాకెట్ల మీదే. బిల్లుల టేబుల్ 80,000 మాత్రం బిల్లుల లెక్కన, నెలకి 400 బిల్లులు అంటే బిల్లుకి 200, వాటిలో బస్తాలవి 40, పాకెట్లవి 360.

ఇప్పుడు కూడండి. బస్తాల మీద పడింది 1,28,000, కిలోకి 8. పాకెట్ల మీద 2,72,000, కిలోకి 68. బస్తా 198 పడింది, 18 మిగిలింది. పాకెట్ 266 పడింది, 250కి అమ్ముతున్నాం, కిలోకి 16 మనమే ఎదురు ఇస్తున్నాం! మొత్తం లాభం మాత్రం రెండు లెక్కల్లోనూ 2,24,000 దగ్గరే ఉంది, ఒక్క రూపాయి మారలేదు. ఎవరు సంపాదిస్తున్నారు ఎవరు తింటున్నారు అన్నది తలకిందులైంది అంతే.

ఇది చూపిస్తే బావగారు వెంటనే "అయితే పాకెట్లు మూసేద్దాం" అన్నాడు. ఇక్కడే చాలామంది బోల్తా పడేది. కొటేషన్ తెప్పించినంత తొందరగా మూసేయడం కూడా తప్పే. మూయాలా వద్దా అన్న ప్రశ్నకి ఏబీసీ అంకె సరిపోదు, దానికి మార్జినల్ కాస్టింగ్ కావాలి, అంటే అమ్మిన రేటులోంచి వేరియబుల్ ఖర్చు మాత్రమే తీసేసి కాంట్రిబ్యూషన్ ఎంతో చూడటం. పాకెట్‌కి 250 లోంచి 198 పోతే 52, 4,000 కిలోలకి 2,08,000. మూస్తే ఇది మొత్తం పోద్ది. బదులుగా ఏం మిగులుద్ది? పాకెట్ల మీద వేసిన 2,72,000లో నిజంగా ఆగేది మెషిన్ దగ్గర మనుషుల జీతం, బిల్లుల్లో ఒక మనిషి, కలిపి ఓ 90,000. అద్దె ఆగదు, కొన్న మెషిన్ డిప్రిసియేషన్ ఆగదు, మర దగ్గర ఖర్చు ఆగదు, ఇవన్నీ వెళ్ళి బస్తాల నెత్తిన కూర్చుంటాయి. అంటే మూస్తే నెలకి 1,18,000 నష్టపోతాం, లాభం 2,24,000 నుంచి 1,06,000కి పడిపోద్ది. నష్టంలో ఉందన్న సరుకుని ఆపితే లాభం సగానికి పైగా పోవడం, ఇది అర్థమవడానికి నాకే రెండు రోజులు పట్టింది.

కాబట్టి నా సలహా ఇలా ఉంటది. ఇవాళ్టికి ఉన్న మెషిన్లతో, ఉన్న మనుషులతో ఏం చేయాలి అన్నదానికి మార్జినల్. రెండో మెషిన్ కొనాలా, ఏ సరుకు పెంచాలి, వచ్చే రెండు మూడేళ్ళు ఎటు పోవాలి అన్నదానికి ఏబీసీ, ఎందుకంటే అంత టైంలో ఫిక్స్‌డ్ అనుకున్నవి కూడా కదులుతాయి, షెడ్డు మారుస్తాం, మెషిన్ అమ్ముతాం, మనుషుల్ని పెంచుతాం. కిలోకి 20 అనే లెక్క మాత్రం ఒకే సరుకు, ఒకే ప్యాకింగ్ ఉన్న మిల్లుకి తప్ప ఎవరికీ రికమెండ్ చేయను. ఒకే సరుకు ఉంటే మాత్రం ఏబీసీ జోలికి పోవద్దు, ఊరికే పుస్తకాలు నింపుకోవడం.

ఏబీసీ అంటే సాఫ్ట్‌వేర్ కొనాలేమో అని భయపడేవాళ్ళకి ఒక మాట, పైన నేను చేసింది మూడు ఖర్చు కుప్పలతో (గ్రైండింగ్, పాకెట్, బిల్లులు) ఒక ఎక్సెల్ షీట్. ముప్పై కుప్పలు పెట్టుకుని ఎవరు ఏ పనికి ఎన్ని నిమిషాలు పెట్టారో మనుషుల్ని అడుగుతూ తిరిగితే రెండో నెలకే మానేస్తారు.

మార్జినల్‌కి ఇంకో గట్టి ఉపయోగం ఆర్డర్ రేటు దగ్గర. ఒక క్యాటరింగ్ ఆయన వచ్చి 2,000 కిలోలు బస్తాల్లో కిలో 205 అయితే తీసుకుంటా అన్నాడనుకోండి. పాత లెక్కలో 210 పడింది కాబట్టి కుదరదు అని పంపించేస్తాం. మార్జినల్‌లో 190 పోను 15 మిగులుద్ది, 30,000 కాంట్రిబ్యూషన్, మర ఖాళీగా ఉంటే ఎందుకు వదలాలి? బ్రేక్ ఈవెన్ కూడా దీంట్లోంచే వస్తది. బస్తాకి 26, పాకెట్‌కి 52, ఎనభై ఇరవై పాళ్ళలో కలిపితే సగటున కిలోకి 31.20, 4 లక్షల్ని దాంతో భాగిస్తే దాదాపు 12,820 కిలోలు. నెలలో అంత అమ్మేదాకా అద్దెకీ జీతాలకే, ఆ తర్వాతే మనది. పాళ్ళు మారితే ఇదీ మారుద్ది, అది మర్చిపోవద్దు.

కానీ ఈ కత్తికి రెండు వైపులా పదునే. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక యూనిట్‌లో, పేరు వద్దులెండి, సేల్స్ వాళ్ళకి ఈ వేరియబుల్ కాస్ట్ షీట్ ఇచ్చేశారు, "దీనికి పైన ఎంతొచ్చినా లాభమే" అని. ఇంకేముంది, మొదట ఒక పార్టీకి స్పెషల్ రేటు, అది విని పక్క పార్టీ, ఆరు నెలల్లో అందరూ స్పెషలే. ప్రతి బిల్లులోనూ కాంట్రిబ్యూషన్ కనపడతా ఉంది, ఏడాది చివర చూస్తే అద్దె జీతాలకి డబ్బుల్లేవు. అందుకని 205 ఒప్పుకునే ముందు నేను రెండు చూస్తా, మర నిజంగా ఖాళీగా ఉందా, ఈ రేటు మన పాత హోటళ్ళ చెవిన పడుద్దా. మర ఖాళీ లేకపోతే కిలోకి ఎంత అని కాదు, మర నడిచే గంటకి ఏ ఆర్డర్ ఎక్కువ కాంట్రిబ్యూషన్ ఇస్తుందో అది చూడాలి. అప్పుడు 205 వాడికోసం 216 వాడిని ఆపడమంటే పిచ్చి పనే.

మరి అబ్జార్ప్షన్ ఎందుకు, మార్జినలే అన్నిటికీ వాడేద్దాం అంటే ఆడిటర్ గారు ఒప్పుకోరు. మన దేశంలో స్టాక్ విలువకి ఏఎస్-2 అనే అకౌంటింగ్ స్టాండర్డ్ ఉంది, దాని ప్రకారం తయారైన సరుకు విలువలో ఫ్యాక్టరీ ఫిక్స్‌డ్ ఖర్చుల వాటా కూడా ఉండాలి. అయితే ఇక్కడ ఒక మెలిక, మొత్తం 4 లక్షలు కాదు. బిల్లులు డిస్పాచ్ టేబుల్ 80,000 అమ్మకపు ఖర్చు, అది స్టాక్‌లోకి రాదు. మిగిలిన 3,20,000ని 20,000 కిలోలతో భాగిస్తే కిలోకి 16. అమ్ముడుపోని బస్తా కారం విలువ 206, మార్జినల్‌లో అయితే 190.

దీనివల్ల ఒక వింత జరుగుద్ది. ఈ నెల 20,000 ఆడి 15,000 అమ్మితే మిగిలిన 5,000 కిలోలు కిలోకి 16 చొప్పున 80,000 ఫిక్స్‌డ్ ఖర్చుని గోడౌన్‌లో దాచేసుకుంటాయి, లాభం మార్జినల్ కన్నా 80,000 ఎక్కువ కనపడుద్ది. వచ్చే నెల ఆవకాయ సీజన్, పాత స్టాక్ అంతా ఊడ్చేసినట్టు పోద్ది, దాచిన ఖర్చు అప్పుడు బయటికొస్తది, అమ్మకం పెరిగి కూడా లాభం అనుకున్నంత రాదు. బావగారు దీన్ని పట్టుకుని నన్ను ఒక పూట దొంగని చూసినట్టు చూశాడు. ఇదేం కొత్త తలనొప్పి కాదు, 1936లో అమెరికాలో జొనాథన్ హారిస్ అనే ఆయన సరిగ్గా ఈ బాధ మీదే, అమ్మకాలు పెరిగిన నెలలో లాభం ఎందుకు తగ్గిందని యజమాని అడిగే ప్రశ్న మీదే వ్యాసం రాసి, డైరెక్ట్ కాస్టింగ్ అని అందరి నోళ్ళలో పడేలా చేశాడు, మనం మార్జినల్ అంటున్నది దాన్నే.

అందుకే నెల నెలా బావగారికి చూపించేది మార్జినల్ షీట్, మార్చి 31కి ఆడిటర్ గారికి ఇచ్చేది అబ్జార్ప్షన్. రెండిటికీ తేడా ఎందుకొచ్చిందో కింద ఒక లైను రాస్తా, స్టాక్ పెరిగిన కిలోలు ఇంటూ 16 అని. ఆ లైను లేకపోతే రెండు షీట్లూ అబద్ధంలాగే కనపడతాయి.

ఇంకో పొరపాటు కూడా బాగా జరుగుద్ది. వానాకాలంలో ఆడకం 10,000 కిలోలకి పడిపోయిందనుకోండి, 3,20,000ని 10,000తో భాగించి కిలోకి 32 వేస్తారు, కాస్ట్ పెరిగిందని రేటు పెంచుతారు, ఉన్న పార్టీలు కూడా పక్క మిల్లుకి పోతాయి, ఆడకం ఇంకా పడుద్ది, మళ్ళీ కాస్ట్ పెరుగుద్ది. ఏఎస్-2 కూడా నార్మల్ కెపాసిటీ (మామూలుగా సగటున ఆడేంత) మీదే వేయమంటది, అంటే 16 అలాగే ఉంచి, మిగిలిపోయిన 1,60,000ని ఆ కాలపు ఖర్చుగా నేరుగా లాభనష్టాల్లో చూపించాలి. అది కారం ఖర్చు కాదు, మర ఖాళీగా కూర్చున్న ఖర్చు.

మిర్చి స్టాక్ దగ్గర ఫిఫోనా (ముందు కొన్నది ముందు వాడినట్టు లెక్క), వెయిటెడ్ యావరేజా (కొన్నవన్నీ కలిపి సగటు రేటు) అన్నది మన ఏరియాలో చాలా పెద్ద ప్రశ్న, ఎందుకంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డులో కొని టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఏడాదంతా ఆడతాం. 100 క్వింటాళ్ళు 14,000కి, తర్వాత ఇంకో 100 క్వింటాళ్ళు 18,000కి కొన్నాం, 120 ఆడాం. ఫిఫోలో ఆడిన మిర్చి ఖర్చు 17,60,000, మిగిలిన స్టాక్ 14,40,000. యావరేజ్‌లో ఖర్చు 19,20,000, స్టాక్ 12,80,000. ఒక్క పద్ధతి మార్పుతో లాభంలో 1,60,000 తేడా. ఏఎస్-2లోనూ, స్టాక్ విలువకి ఇన్కమ్ ట్యాక్స్ వాళ్ళు పెట్టిన ఐసీడీఎస్-2లోనూ రెండూ ఒప్పుకుంటారు, లిఫో (చివర కొన్నది ముందు వాడినట్టు లెక్క) మాత్రం ఒప్పుకోరు, ఒకసారి పట్టుకున్నది ఊరికే మార్చనివ్వరు కూడా. నా ఓటు యావరేజ్‌కే. తేజ, 334 రకాలు రెండూ రంగుకీ ఘాటుకీ కలిపి ఆడేటప్పుడు ఏ టిక్కీ ఏ లాట్‌దో మర దగ్గర ఎవడు చూస్తాడు? అయితే రకం రకానికి స్టాక్ ఐటెం వేరుగా పెట్టుకుని అప్పుడు యావరేజ్ వేయండి, అన్నీ మిర్చి అని ఒకే ఐటెంలో పడేస్తే తాలు కాయ రేటు తేజ రేటుని కిందకి లాగేస్తది. ట్యాలీలో ఐటెం వారీగా వాల్యుయేషన్ పద్ధతి పెట్టుకోవచ్చు. కోల్డ్ స్టోరేజీ అద్దె స్టాక్‌లో కలపాలా వద్దా అన్నది మీ ఆడిటర్‌తో తేల్చుకోండి, మామూలుగా స్టోరేజీ ఖర్చు కలపకూడదు, తర్వాతి తయారీ దశకి ముందు నిల్వ తప్పనిసరి అయితేనే కలపాలి.

పార్టీకి రేటు చెప్పేటప్పుడు మాత్రం ఫిఫో వద్దు, యావరేజ్ వద్దు. ఇవాళ యార్డులో రేటు ఎంతో అదే వేయండి, ఎందుకంటే ఈ సరుకు పోయాక మళ్ళీ కొనేది ఆ రేటుకే.

స్టాండర్డ్ కాస్టింగ్, అంటే ఎంత రావాలో ముందే పెట్టుకుని వచ్చినదాంతో పోల్చడం, దాని గురించి రెండు ముక్కలు, ఎందుకంటే చిన్న యూనిట్లకి నిజంగా డబ్బులు మిగిల్చేది ఇదే. పైన క్వింటాకి 90 కిలోలు అన్నాం కదా, అది స్టాండర్డ్. ఒక లాట్ 88 వచ్చిందంటే కిలో మిర్చి ఖర్చు 180 నుంచి 184.09కి పోయినట్టు, నెలంతా అలాగే వస్తే 81,800 పైమాటే. తేమ ఎక్కువున్న కాయ కొన్నామా, తొడిమ తీసేవాళ్ళు కాయ కూడా విరిచేస్తున్నారా అన్నది ఆ రోజే తెలుస్తది, ఏడాది చివర కాదు. ఇంకోటి పాకెట్ మెషిన్ దగ్గర, తూకం తగ్గితే లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల శాఖ) వాళ్ళతో గొడవ అని ఆపరేటర్ 102 గ్రాములకి సెట్ చేసి పెట్టాడు. 2 గ్రాములేగా అనుకున్నాం. నెలకి 40,000 పాకెట్లు, 80 కిలోలు, 188 చొప్పున 15,040 రూపాయల కారం ఊరికే పంచుతున్నాం. కాటా సర్వీస్ చేయించి 100.5కి తెచ్చాం.

కంపెనీ చట్టం కింద కాస్ట్ రికార్డులు పెట్టాలా అని అడుగుతుంటారు, అది కంపెనీలకి, అదీ రూల్స్‌లో చెప్పిన రంగాల్లో ఉండి అంతకుముందు ఏడాది టర్నోవర్ 35 కోట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే. మనలాంటి ప్రొప్రయిటర్ మిల్లులకి ఆ గొడవ లేదు.

ఇంతకీ పాకెట్ల సంగతి. మూయలేదు, రెండో మెషిన్ కొనలేదు. అట్టపెట్టె కన్నా తక్కువ ఆర్డర్ తీసుకోం అని పెట్టి, దూరపు కొట్లని ఒక డిస్ట్రిబ్యూటర్‌కి అప్పగించాం, 360 బిల్లులు 150కి వచ్చాయి. నేను సంబరంగా "210 బిల్లులు తగ్గాయి బావా, బిల్లుకి 200 చొప్పున 42,000 మిగిలింది" అన్నా. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆ బిల్లుల కుర్రాడికి జీతం తగ్గించావా?" అన్నాడు. లేదు. "కంప్యూటర్ అమ్మావా?" లేదు. "మరి 42,000 ఏ జేబులో ఉంది రా?"

నిజమే, డబ్బు మిగల్లేదు, కుర్రాడి టైం మిగిలింది అంతే. ఇప్పుడు మధ్యాహ్నం నుంచి వాడు హోటళ్ళ బాకీలు వసూలు చేస్తున్నాడు.